ఇంటివాళ్ళ ఊసు

అక్కుపల్లి
3 నవంబరు 2024

జానకిరామ్‌కి,

ఫోను చేస్తే నువ్వు ఏడుస్తావు. నాకు మాట రాదు. అందుకని ఉత్తరం.

నేను బాగానే ఉన్నాను. పొద్దున్నే తోటకి వెళ్ళి వస్తున్నాను. మీ అక్క పెంచిన కుక్క మళ్ళీ అన్నం తింటోంది.

విషయం ఇది. మొన్న మన ఊరి ధనుంజయ, మరో నలుగురు వచ్చారు. మన చేతిరాత పత్రిక ‘ఉప్పుగాలి’ ఆగిపోయి ఐదేళ్ళయింది. మీ అక్క చెయ్యి వణకడం మొదలయ్యాక ఎక్కించేవాళ్ళు లేక ఆగింది. ఇప్పుడు ఆమె సంవత్సరీకానికి ఒక సంచిక తెస్తారట. చేత్తో రాసేది కాదు. పాత సంచికల్లో ఆమె రాసిన పేజీలకి ఫొటోలు తీసి టెక్కలిలో అచ్చు వేయిస్తారు. మూడు వందల కాపీలు. ఇరవై ఎనిమిదేళ్ళు ఒక్క కాపీగా పద్దెనిమిది ఇళ్ళు తిరిగిన పత్రిక అది. ఎవరు రాసినా ఆమే తిరగరాసేది. రాత బాగోలేదని ఎవరి మాటా ఎవరూ చదవకుండా వదలకూడదని.

వాళ్ళు మొదట వేస్తామన్నది నా వ్యాసం. 2008 వర్షాకాలం సంచికలోది, ‘నీళ్ళ మీద భయం’. ఎనిమిది పేజీల్లో ఒక్క కొట్టివేత లేదు, పిన్ని రాత ఇంత అందంగా ఇంకెక్కడా లేదు అన్నాడు ధనుంజయ.

నీకు గుర్తుండే ఉంటుంది. ఉద్దానంలో కిడ్నీలు పోవడానికి మన బోరునీళ్ళే కారణమనడానికి ఆధారం లేదని రాశాను. బీఎస్సీ కెమిస్ట్రీ చదివినవాణ్ణి. రెండు సీసాల నీళ్ళు విశాఖ తీసుకెళ్ళి పరీక్ష చేయించాను. అంకెలు వేశాను. అప్పట్లో మన ఊళ్ళ ఆడపిల్లలకి పైఊళ్ళ సంబంధాలు తప్పిపోయేవి. జబ్బు కన్నా ముందు భయమే మనల్ని తినేస్తుందని ముగించాను. చదివి వినిపించిన రోజు చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత నీళ్ళ మాట ఎవరూ ఎత్తలేదు.

ఆ నీళ్ళే తాగాం. మీ అక్క కూడా.

వద్దన్నాను. ఎందుకన్నారు. చెప్పలేకపోయాను. చివరికి, వేస్తే జవాబుతో కలిపి వెయ్యండి అన్నాను. కుడిపేజీలో వ్యాసం, ఎడమపేజీ ఎదురు చెప్పేవాళ్ళ కోసం ఖాళీ. అది మన పద్ధతి కదా. ఆ వ్యాసానికి ఎనిమిది ఎడమపేజీలూ ఖాళీగానే ఉన్నాయి. రాసినవాడు తనకి తాను జవాబు రాసుకోకూడదని నియమం. కాబట్టి నేను రాయలేను. నువ్వు రాయాలి. అప్పటిదాకా నా ప్రతి వ్యాసానికీ ఎదురు రాసినవాడివి నువ్వొక్కడివే. దీనికి మాత్రం రాయలేదు. బరంపురం బళ్ళో కొత్త ఉద్యోగం, తీరిక లేకపోయి ఉంటుంది. లేదా అప్పుడు జవాబు తోచలేదేమో. ఇప్పుడు తోస్తుంది.

జనవరి పదిహేనులోగా కావాలి.

ప్రమోదినిని అడిగానని చెప్పు.

రామూర్తి


బరంపురం
10 నవంబరు 2024

బావకి నమస్కారం.

నీ ఉత్తరం కరెంటు బిల్లంత ఉంది. అయినా మూడుసార్లు చదివాను. ప్రమోదిని కూడా చదివి, ‘మీ బావ రాసింది కాదు, రాయనిదే ఎక్కువుందండీ ఇందులో’ అంది.

అక్క పేరున సంచిక తేవడం మంచి ఆలోచన. నేను తప్పకుండా రాస్తాను. చిన్నప్పుడు సుమ్మాదేవి స్టేషన్లో పాసింజరు దిగి ఇద్దరం తాటికాయలు ఏరుకుంటూ ఇంటికి నడిచిన రోజుల గురించి రాస్తాను. పలక మీద నా చెయ్యి పట్టుకుని అక్షరాలు దిద్దించింది కూడా అక్కే. నాకు బడి చెప్పడం ఆవిడ దగ్గరే వచ్చింది. అవి రాయాలని ఉంది నాకు. నీళ్ళ గొడవ ఇప్పుడెందుకు బావా?

ఆ వ్యాసం గొప్పది. నేను ఒప్పుకుంటున్నాను. నువ్వు అన్నదాంట్లో తప్పేం ఉంది? ఈనాటికీ పెద్ద పెద్ద డాక్టర్లు వచ్చి రక్తం తీసుకుంటున్నారు, నీళ్ళు తీసుకుంటున్నారు, ఫలానా దానివల్లే అని ఒక్కరూ తేల్చలేదు. నీ తప్పేం లేదు. ఐదేళ్ళు అక్కని కంటికి రెప్పలా చూసుకున్నావు. వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి పలాస తీసుకెళ్ళి తీసుకొచ్చావు. ఆ మంచం పక్క స్టూలు మీద నువ్వు కూర్చున్న గంటలు నేను చూశాను. ఎవరు చేస్తారు ఈ రోజుల్లో?

సంచిక పని ధనుంజయ చూసుకుంటాడు. నువ్వు కొన్నాళ్ళు ఇక్కడికి వచ్చి ఉండు. ఇక్కడ సగం ఊరు తెలుగే. మా వీధి చివర లైబ్రరీ ఉంది, పేపర్లన్నీ వస్తాయి. తోట ఎక్కడికీ పోదు.

అప్పుడు జవాబు తోచలేదేమో అన్నావు. సరే, అలాగే అనుకో.

వేళకి తిను.

నీ
జానకిరామ్


అక్కుపల్లి
19 నవంబరు 2024

జానకిరామ్‌కి,

నా తప్పేం లేదని ఇప్పటికి ఇరవై మంది చెప్పారు. నువ్వు ఇరవై ఒకటోవాడివి. వాళ్ళు చెప్పినందుకు నాకేం అనిపించలేదు. నువ్వు చెప్పావు, అదే బాధ.

ఫిబ్రవరి నుంచి ఈ ఊళ్ళో నాకు ఎవరూ ఎదురు చెప్పడం లేదు. మొన్న కావాలని ధనుంజయతో అన్నాను, మన అక్కుపల్లిలో సూర్యుడు సముద్రంలోనే అస్తమిస్తాడు అని. ‘అవును బాబాయ్, అదెంత బాగుంటాదో’ అన్నాడు. వాడు పుట్టిందీ పెరిగిందీ ఈ ఒడ్డునే. రోజూ పొద్దున్న సముద్రంలోంచి సూర్యుడు లేవడం చూసేవాడే.

జాలి అంటే ఇదే కాబోలు. మనిషిని బతికుండగానే సభలోంచి లేపేస్తారు.

నీ దగ్గర్నుంచి తాటికాయల కథ నాకు అక్కర్లేదు. అది ఎవరైనా రాస్తారు. నా వ్యాసంలో తప్పు ఎక్కడుందో రాయి. లేదంటే లేదని రుజువు చేసి రాయి. రెండోది చేసినా ఒప్పుకుంటాను. ఏదో ఒకటి నాకు తెలియాలి. అది ఆమె చేతిరాతలో అచ్చై, జవాబు లేకుండా, ఆమె పేరు మీద మూడు వందల ఇళ్ళకి వెళ్తుంది. దాన్ని నేనెలా చూడను?

ఆ వ్యాసం గొప్పదన్నావు. గొప్పదో కాదో నేను అడగలేదు. నిజమో కాదో అడిగాను.

‘అలాగే అనుకో’ అంటే ఏమిటి?

రామూర్తి


బరంపురం
28 నవంబరు 2024

బావా,

అడిగావు కాబట్టి చెప్తున్నాను. పదహారేళ్ళుగా చెప్పకూడదనుకున్న మాట ఇది.

నేను జవాబు రాశాను. 2008 అక్టోబరులో. దసరా సెలవులన్నీ దానికే పెట్టాను. ఏడు కాగితాలు. ఎక్కించమని అక్క పేరున పోస్టు చేశాను. రెండు నెలలకి ఇళ్ళు తిరిగి ఆ సంచిక మళ్ళీ నా చేతికొచ్చింది. ఎడమపేజీలు తెల్లగా ఉన్నాయి.

ఏమనుకోమంటావు? పత్రిక నీది. సంపాదకుడివి నువ్వు. ఎక్కించే మనిషి నీ ఇంట్లో మనిషి. నువ్వే చింపేశావనుకున్నాను. చప్పట్లు కొట్టించుకున్న వ్యాసం పక్కన నా కాగితాలు ఉండటం నీకిష్టం లేకపోయిందనుకున్నాను. ఆ తర్వాత మూడేళ్ళు మీ గడప తొక్కలేదు, గుర్తుందా? స్లాబు ఇంటి గృహప్రవేశానికి రాలేదు. పరీక్ష డ్యూటీ అని అబద్ధం చెప్పాను. నీకు మరి ఎప్పుడూ ఎదురు రాయలేదు. రాసి ఏం లాభం అనుకున్నాను.

ఒకసారి అక్క ఇక్కడికి వచ్చినప్పుడు అడిగాను. నా కాగితాలేమయ్యాయే అని. ‘పత్రిక సంగతి కంచం దగ్గరెందుకురా, ముందు తిను’ అంది. అక్కడితో సరి. నిన్ను కాపాడుతోంది అనుకున్నాను.

ఆ కాగితాలకి నకలు లేదు. అందులో ఏం రాశానో కూడా సగమే గుర్తు. ఇప్పుడు మళ్ళీ రాయమంటే నావల్ల కాదు. ఎవరి మీద రాయను? ముందు నా జవాబు తొక్కిపెట్టి, పదహారేళ్ళ తర్వాత జవాబు తోచలేదేమో అంటావా?

ఇది చదివి కోపం తెచ్చుకోకు. తెచ్చుకున్నా సరే.

జానకిరామ్


అక్కుపల్లి
8 డిసెంబరు 2024

జానకిరామ్‌కి,

నేను ఆ కాగితాలు చూడలేదు. వచ్చాయని కూడా తెలీదు.

నువ్వు పదహారేళ్ళు నన్ను దొంగ అనుకున్నావు. నువ్వు ఒప్పుకున్నావని నేననుకున్నాను. జానకి కూడా మాట్లాడలేదంటే ఇక వాదం తేలినట్టే అని మీ అక్కతో అన్నాను కూడా. ఆమె బియ్యం ఏరుతోంది.

నీ ఉత్తరం వచ్చిన రోజే వెతికాను. రెండో రోజూ వెతికాను. ఆమె రేకుపెట్టె అప్పటిదాకా తెరవలేదు. అడుగున, పాత సంచికల అట్టల మధ్య దొరికాయి. నీ ఏడు కాగితాలూ ఉన్నాయి. వాటితోపాటు, ఎడమపేజీల మీద అంటించడానికి కోసిన పత్రిక సైజు కాగితాలు ఐదు. ఆమె ఎక్కించడం మొదలుపెట్టింది జానకీ. మార్జిన్లు గీసింది. పైన నీ పేరు ఎర్రసిరాతో రాసింది. నాలుగు పేజీలు పూర్తిగా ఎక్కించి, ఐదో పేజీ సగంలో ఆపేసింది.

ఆ నాలుగు పేజీలూ చదివాను. రెండు సీసాల నీళ్ళతో ఊరంతటికీ తీర్పు చెప్పకూడదన్నావు. మనకి వెతకడం తెలిసినవే పరీక్షలో దొరుకుతాయన్నావు. రుజువు లేదు అనడం వేరు, ప్రమాదం లేదు అనడం వేరన్నావు. మొదటిది చూపించి రెండోది నమ్మించానన్నావు. నిజమే. అలాగే చేశాను. అప్పుడు ఈ పేజీలు చూసి ఉంటే ఒప్పుకునేవాణ్ణో లేదో తెలీదు. కనీసం ఊళ్ళో వాళ్ళు చదివేవారు.

ఆమె ఎక్కించిన చివరి వాక్యం ఇది: ‘బావ ఈ నీళ్ళ మీద అంత నమ్మకంగా రాశాడు.’

దాని తర్వాత నీ కాగితంలో ఉన్నది ఆమె ఎక్కించలేదు. నీకు గుర్తు లేదన్నావు కాబట్టి రాస్తున్నాను: ‘మా అక్కకి రెండేళ్ళుగా సాయంత్రమయ్యేసరికి కాళ్ళు వాస్తున్నాయి. ఒకే ఇంట్లో ఉండి బావకి కనబడలేదా?’

నాకు కనబడలేదు.

ఆమెకి జబ్బని తెలిసింది 2019లో. అప్పటికే బాగా ముదిరిందన్నారు. కాళ్ళు ఎప్పట్నుంచి వాస్తున్నాయమ్మా అని డాక్టరు అడిగితే, ఈ మధ్యేనండీ అంది. నేను పక్కనే ఉన్నాను. 2008లో ఆమె కాళ్ళు వాచేవని మొన్న శుక్రవారం నీ కాగితం చదివి తెలుసుకున్నాను.

ఇంకేం రాయలేను.

రామూర్తి


బరంపురం
15 డిసెంబరు 2024

బావా,

ఆ కాగితాలు పొయ్యిలో పెట్టు. దండం పెడతాను.

నువ్వు రాసిన ఆ రెండు వాక్యాలు చూశాక నాకన్నీ గుర్తొచ్చాయి. ఆ ఏడాది వేసవిలో అక్క ఇక్కడికొచ్చినప్పుడు అరుగు మీద కూర్చుని కాళ్ళు చాపుకుంది. వేలితో నొక్కితే గుంట పడింది. ‘ఏటే ఇది?’ అన్నాను. ‘పనిలో నిలబడి, తోటలో తిరిగి. ఏటవుతాదిరా, రెండేల్లుగా ఉన్నదే, పొద్దున్నకి తగ్గిపోతాది. మీ బావకి సెప్పకు, కంగారు పడిపోతాడు’ అంది.

నేను నీకు చెప్పలేదు. ఫోను చేసి బావా, అక్కని ఒకసారి చూపించు అని ఒక్కముక్క అనలేదు. అదేం చేశానో తెలుసా? దాచుకున్నాను. నీ వ్యాసం వచ్చాక ఎక్కడ పెడితే గట్టిగా తగులుతుందో చూసి అక్కడ పెట్టాను. ఏడు కాగితాల్లో అదే మంచి దెబ్బ అనుకున్నాను. గెలవడానికి రాశాను బావా. ఆ ముక్క పత్రికలో కాక పోస్టుకార్డు మీద రాసి ఉంటే అక్కకి పదకొండేళ్ళు ముందు వైద్యం మొదలయ్యేది.

నిన్ను నలుగురిలో చిన్నబుచ్చడం ఇష్టం లేక ఎక్కించలేదు అక్క. నీ పరువు కాపాడింది. నా నీచత్వాన్ని కూడా దాచింది. అదంతే. ఇక తవ్వకు. ధనుంజయ వాళ్ళు ఏదేస్తే అది వెయ్యనీ. నేను తాటికాయల కథ కూడా రాయను. నా చేత్తో అక్క గురించి ఏం రాయడానికీ మొహం లేదు.

ప్రమోదిని నన్ను అన్నం తినమని పోరుతోంది. నువ్వు తింటున్నావా?

జానకిరామ్


అక్కుపల్లి
27 డిసెంబరు 2024

జానకిరామ్‌కి,

తింటున్నాను. జీడి పూత మొదలైంది. ఈ ఏడు మంచు పట్టలేదు.

ఆమె నా పరువు కోసం దాచిందంటావు. నాకు నమ్మకం లేదు. నేను వేరే అనుకుంటున్నాను.

పత్రిక మొదటి పేజీలో ఐదు నియమాలున్నాయి. నాలుగోది ఇది: ‘వాదంలో ఇంటివాళ్ళ ఊసు తేకూడదు. తెచ్చిన జవాబు ఎక్కించబడదు.’ అది ఎందుకొచ్చిందో నీకు తెలుసు. 1996లో సారా మీద చర్చ జరుగుతుంటే సభలో ఒకరు బొడ్డమ్మ మొగుడి తాగుడు ఎత్తారు. బొడ్డమ్మ అన్నదమ్ములు సభలోకే కర్రలు తెచ్చారు. మర్నాడు నేను ఆ నియమం రాశాను. మనం మనుషుల గురించి కాదు, విషయాల గురించి మాట్లాడదాం అన్నాను. మంచి మాటే అనుకున్నాం అందరం. ఆ తర్వాత పత్రికలో ఎప్పుడూ గొడవ రాలేదు. చదువుకున్నవాళ్ళ పత్రికలా తయారైందని నందిగాం నుంచి కూడా పట్టుకెళ్ళి చదివేవారు.

నియమాల విషయంలో మీ అక్క నాకన్నా గట్టి మనిషి. మీ నాన్న జవాబు ఒకటి ఆపేసింది, ఆయన తన అన్న గురించి రాశాడని. నీది ఎక్కిస్తూ ఎక్కిస్తూ ఆ వాక్యం దగ్గరికి వచ్చింది. ఇంటివాళ్ళ ఊసు. నియమం ప్రకారం అక్కడ ఆపాలి. ఆపింది. ఆ ఇంటి మనిషి తనే కావడం వేరే సంగతి.

అదీ కాకపోవచ్చు. కాళ్ళ సంగతి నాకు తెలియకూడదని దాచి ఉండొచ్చు. లేదా నువ్వన్నదే నిజం కావచ్చు. అడగడానికి ఆమె లేదు. మూడింట్లో ఏదైనా, ఆ నియమం రాసింది నేను.

ఇన్నేళ్ళూ కిడ్నీల మీద మన పత్రికలో ఎన్ని వ్యాసాలు వచ్చాయో మొన్న చూశాను. పదకొండు. ఒక్కదాంట్లో కూడా ఒక్క రోగి పేరు లేదు. పద్దెనిమిది ఇళ్ళలో తొమ్మిది ఇళ్ళ మనుషులు ఆ జబ్బుతో పోయారు. ఆ ఇళ్ళవాళ్ళే ఆ వ్యాసాలు రాశారు, చదివారు, మెచ్చుకున్నారు.

నీ జవాబు మొత్తం అచ్చు వేయించాలి. ఆమె ఎక్కించిన నాలుగున్నర పేజీలు ఆమె రాతలో. మిగతాది నీ రాతలో. కాళ్ళ వాక్యం ఉండాలి. ధనుంజయకి చూపించాను. చదివి కాగితాలు తిరిగి నా చేతికిచ్చాడు. తర్వాత, ‘బాబాయ్, పిన్ని గ్యాపకాల పుస్తకంలో పిన్ని జబ్బెందుకు, నలుగురూ ఏటనుకుంతారు, పైగా రూలు కూడా ఒప్పుకోదు కదా’ అన్నాడు. నేను వాదించాను. రచయిత సరే అంటే వేస్తామన్నారు.

నీ అనుమతి కావాలి.

రామూర్తి


బరంపురం
6 జనవరి 2025

బావా,

నాలుగు రోజులు నీ ఉత్తరం జేబులో పెట్టుకు తిరిగాను.

వెయ్యి. కానీ ఒక షరతు. కింద ఒక్క మాట కలపనీ: ‘తర్వాత మా బావ అక్కని ఐదేళ్ళు ఎలా చూసుకున్నాడో ఈ ఊరంతా చూసింది’ అని. అది లేకుండా ఆ ‘కనబడలేదా’ అన్న మాట చదివితే నువ్వేదో రాతిమనిషివనుకుంటారు. నిన్ను నలుగురిలో నిలబెట్టి కొట్టడానికి నేను మళ్ళీ ఒప్పుకోవాలా? ఒకసారి చేసింది చాలదా?

ఇంకోటి. సభకి నేను రాలేను. ప్రమోదినికి కంటి ఆపరేషను ఫిబ్రవరి పద్నాలుగున పెట్టారు. కట్టు విప్పేదాకా ఒంటరిగా వదల్లేను. తప్పించుకుంటున్నానని అనుకోకు. అనుకున్నా నేనేం చెయ్యలేను.

నీ జానకి


అక్కుపల్లి
14 జనవరి 2025

జానకీ,

ఆ మాట కలపకు. 2008లో రాసిన జవాబులో 2024 సాక్ష్యం ఉండకూడదు. ఎలా రాశావో అలాగే ఉండనీ.

ప్రమోదిని కన్ను జాగ్రత్త. వంగి పని చెయ్యనివ్వకు.

రామూర్తి


అక్కుపల్లి
18 ఫిబ్రవరి 2025

జానకీ,

సంచిక నీకు వేరే పంపాను, అందుతుంది. అచ్చు బాగానే వచ్చింది. ఎర్రసిరా నల్లగా పడింది.

ఆదివారం సభ తుఫాను షెల్టర్లో పెట్టారు. అరవై మంది దాకా వచ్చారు. ఆమె ఫొటోకి దండ వేశారు. చదవడం రానివాళ్ళ కోసం పైకి చదవడం మన అలవాటు కదా. ధనుంజయ నా వ్యాసం చదివాడు. నీ జవాబు నేను చదివాను. కాళ్ళ వాక్యం కూడా నేనే చదివాను.

ముగించాక చప్పట్లు కొట్టారు. ఒకాయన లేచి, బావాబావమరుదులు ఒకరిని మించి ఒకరు రాశారన్నాడు. ఇంకొకాయన ఈ రోజుల్లో ఇలాంటి తెలుగు ఎవరు రాస్తారన్నాడు. ఇలా మర్యాదగా వాదించుకోవడం పిల్లలు నేర్చుకోవాలని ఒక టీచరు అంది. ఎవరు చెప్పింది నిజం అని ఎవరూ అడగలేదు. నేను కుర్చీలో కూర్చుని చూస్తున్నాను. ఇక టీలు ఇస్తారనగా దేముడమ్మ లేచింది.

దేముడమ్మ నీకు తెలుసు. చేపలమ్మే మనిషి. ఆమె మొగుడు సన్యాసయ్యకి మూడేళ్ళుగా పలాసలో డయాలసిస్. ఇరవై ఏళ్ళుగా మన సభలకి వచ్చి వెనక కూర్చుంటుంది. ఎప్పుడూ మాట్లాడగా చూడలేదు.

‘మా ఆయనకి ఆ యేడే మొకం వాసీది’ అంది.

ధనుంజయ వెంటనే, ‘అత్తా, ఇంటోల్ల ఊసు వద్దు, మన రూలుంది’ అన్నాడు. అలవాటు కొద్దీ అన్నాడు. తప్పు పట్టను. నేను వాడి చెయ్యి పట్టుకుని, చెప్పనీ అన్నాను.

ఆమె నా వైపు తిరిగింది. కోపంగా లేదు. బేరం అయిపోయాక చేపలు కాగితంలో చుడుతూ మాట్లాడతారే, అలా మాట్లాడింది.

‘సెప్దునా వద్దా అనుకున్నాను బాబూ. మా ఆయన సంగతి, మా తోటికోడలి సంగతి. ఈ వీధిలో ఎన్ని ఇల్లల్లో ఉందో నాకు తెల్సు, నాను గడపగడపకీ తిరిగీదాన్ని. నువ్వు సదువుకున్నోడివి, నీల్లు మంచివేనని అంత పెద్దగా రాసినావు. నాకేటి తెల్సులే అని నోరు మూసుకున్నాను. ఇప్పుడైనా సెప్పు. ఏటివల్ల వచ్చింది మా ఆయనకి?’

‘తెలీదు దేముడమ్మా’ అన్నాను.

‘అప్పుడు తెల్సా?’

‘అప్పుడూ తెలీదు.’

ఆమె కొంగు నడుముకి దోపుకుంది.

‘మరి తెలీదని రాయకపోయావా. మేవూ అప్పుడే నోరిప్పుదుం.’

ధనుంజయ నా వైపు చూశాడు, నేను ఏదైనా జవాబు చెప్తానని. ఆమె గంప ఎత్తుకుని బయటికి నడిచింది. సన్యాసయ్య గుమ్మం పక్కన గట్టు మీద కూర్చుని ఉన్నాడు. అతని చెయ్యి పట్టుకుని లేవదీసి, పలాస బస్సు కోసం రోడ్డు మీదికి తీసుకెళ్ళింది.

ప్రమోదిని కట్టు విప్పారా?

నీ బావ
రామూర్తి